పిలవని పేరంటం

అడగందే అమ్మయినా పెట్టదంటారు పెద్దవాళ్లు. మరి అడక్కుండానే ఎవరో మన విస్తట్లో ఇరవై రకాలు వడ్డిస్తున్నారంటే, ముద్ద నోట్లో పెట్టుకునేముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించుకోవద్దూ?

రెండేళ్ల కిందట మా పెద్దమ్మాయి ఇంజనీరింగులో చేరినప్పుడు మదనపల్లెలో ఒక ల్యాప్‌టాప్ కొన్నాం. చీటీ పాడుకుని తెచ్చిన డబ్బు. యాభై రెండు వేలు. ఇంటికి తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, తెరిచాం. తెరవగానే వరసగా బొమ్మలు. పేకాట ఒకటి, సినిమాలు చూపించేది ఒకటి, సామాన్ల అంగడి ఒకటి, వైరస్ రాకుండా కాపలా కాసేది ఒకటి. "ఇవన్నీ ఫ్రీనా అమ్మా?" అంది చిన్నది. "కొత్తది కదా, ఇచ్చుంటార్లే" అన్నాను. మిఠాయి కొంటే చేతిలో కాస్త బూందీ పెట్టరూ, అలాంటిదే అనుకున్నాను.

నెల తిరిగేసరికి తెర మీద ఎర్రటి అక్షరాలు మొదలయ్యాయి. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, రక్షణ గడువు అయిపోయింది, వెంటనే డబ్బు కట్టండి అని దాని సారాంశం. రాత్రి పదకొండయింది. మావారు ఊళ్లో లేరు. అమ్మాయేమో పొద్దున్నే అసైన్‌మెంట్ పంపాలంటోంది. భయమేసి కార్డు నంబరు కొట్టి 899 రూపాయలు కట్టేశాను. గండం గడిచిందనుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఖాతాలోంచి 3,299 రూపాయలు పోయాయి. ముందురోజు మెసేజీ వచ్చిన మాట నిజమే. చీరల సేళ్లూ, లోన్ల ఆఫర్లూ అంటూ వచ్చే వందలో అది నా కంటపడలేదు.

ల్యాప్‌టాప్ పట్టుకుని కొన్న షాపుకే వెళ్లాను. అక్కడి కుర్రాడు చూసి నవ్వాడు.

"అది కంపెనీ నుంచే వచ్చిందక్కా. మేమేం ఎక్కించలేదు. మొదటి రోజే తీసేసుండొచ్చు గదా!"

"తీసెయ్యొచ్చని ఎవరు చెప్పినారు నాయనా?"

ఆ ప్రశ్నకి అతని దగ్గర జవాబు లేదు. ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనమే అయితే ఈ పేజీకెక్కించేదాన్ని కాదు. వీధిలో నలుగురిని అడిగితే ముగ్గురు ఇదే కథ చెప్పారు. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. ఏడాది పొడిగింపు ఇచ్చినా, పాత కంప్యూటర్ పక్కన పెట్టి కొత్తది కొనక తప్పదని చాలా ఇళ్లల్లో నిర్ణయం జరిగిపోయింది. కొన్న ప్రతి ఇంట్లోకీ ఈ పిలవని పేరంటాళ్లు వస్తూనే ఉన్నారు.

ఇల్లు మనది, అద్దె ఎవరికి?

మన వైపు పుంగనూరు ఆవుకి ఉన్న పేరు మీకు తెలిసిందే. సరదాపడి ఒక ఆవు కొన్నారనుకోండి. తోలుకొచ్చి దొడ్లో కట్టేసరికి దాని వెనకాలే ఎవరివో ఐదు మేకలు కూడా వచ్చి నిలబడ్డాయి. "ఊరికే వచ్చాయిలే" అంటారా? మేత మనది, నీళ్లు మనవి. పాలు మాత్రం ఎవరింటికో పోతాయి. ల్యాప్‌టాప్‌లో జరిగేది సరిగ్గా ఇదే. అవి మన జ్ఞాపక స్థలాన్ని తింటాయి, బ్యాటరీని తింటాయి, మిషను తెరుచుకునే వేళని నెమ్మది చేస్తాయి. ఇంగ్లీషువాళ్లు వీటిని బ్లోట్‌వేర్ అంటున్నారు. ఉబ్బిపోయిన సరుకన్నమాట.

ఎందుకు పెడతారు? ల్యాప్‌టాప్ తయారీలో మిగిలే లాభం తక్కువ. అందుకని తెర మీది చోటుని అంగడి వీధిలో గదిలాగా అద్దెకిస్తారు. ఈ సాఫ్ట్‌వేర్లు అమ్ముకునే సంస్థలు, మా సరుకు మీ మిషన్లో ముందే పెట్టండని తయారీదారులకు డబ్బులిస్తాయి. మనలాంటివాళ్లు భయపడి చందా కడితే అందులోనూ కొంత వాటా ముడుతుంది. ఈ రాబడి వల్లే ధర తగ్గించి ఇవ్వగలుగుతున్నామని కంపెనీలవాళ్లు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ తగ్గింపు ఎంతో బిల్లులో ఎక్కడా కనిపించదు. ఏ సరుకు ఎవరి తరఫున పెట్టారో పెట్టె మీదా కనిపించదు. నా మటుకు నాకు ఆ తగ్గింపు 3,299 రూపాయల్లో ఎప్పుడో కొట్టుకుపోయింది.

ఇంతకన్నా తమాషా ఏమిటంటే, విండోస్‌లోనే వైరస్‌ని ఆపే కాపలా ఒకటి ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నాటి నుంచీ అది లోపలే ఉంటోంది. దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. బయటి సంస్థ కాపలావాణ్ణి పెడితే ఇంటి కాపలావాడు పక్కకి తప్పుకుంటాడు. బయటివాణ్ణి పంపించేస్తే మళ్లీ గుమ్మంలో నిలబడతాడు. ఈ ఒక్క ముక్క ఆ రాత్రి తెలిసి ఉంటే నేను నిశ్చింతగా పడుకునేదాన్ని.

అందరి ఇళ్లకూ ఒకే తాళంచెవి

డబ్బు పోవడం ఒక ఎత్తు. 2015 ఫిబ్రవరిలో బయటపడిన సంగతి ఇంకో ఎత్తు. లెనోవో సంస్థ 2014 చివరి నెలల్లో అమ్మిన కొన్ని రకాల ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే సంస్థ తయారుచేసిన ఒక సాఫ్ట్‌వేర్‌ని ముందే ఎక్కించింది. మనం ఏదైనా వస్తువు బొమ్మ చూస్తుంటే, అలాంటి వస్తువుల ప్రకటనలు పక్కన చూపించడం దాని పని. ఆ పని చెయ్యడానికి అది మనకీ, మనం చూస్తున్న వెబ్‌సైటుకీ మధ్యలో దూరి కూర్చుంది. తాళం గుర్తు ఉన్న బ్యాంకు పేజీల విషయంలోనూ అంతే.

అసలు ప్రమాదం అక్కడుంది. బ్యాంకుతో మనం మాట్లాడేది మూడో మనిషికి వినపడకుండా ఉండాలంటే ఒక రహస్యపు చెవి కావాలి. ఈ సాఫ్ట్‌వేర్ అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒకే చెవిని పెట్టింది. ఒక కాలనీలో వెయ్యి ఇళ్లుంటే, వెయ్యింటికీ ఒకే తాళంచెవి చేయించి, ఒక్కొక్కటి ప్రతి గుమ్మం మీదా పెట్టినట్టు! భద్రతా నిపుణుడు రాబర్ట్ గ్రాహం దాని రహస్య పదాన్ని కొద్ది గంటల్లోనే కనిపెట్టి బయటపెట్టాడు. మంచివాడు కాబట్టి చెప్పాడు. చెప్పకుండా వాడుకునేవాడైతే రైల్వేస్టేషన్లోనో, హోటల్లోనో అదే వైఫైలో కూర్చుని మన పాస్‌వర్డులు చదువుకునేవాడు.

అమెరికా ప్రభుత్వపు కంప్యూటర్ భద్రతా విభాగం హెచ్చరిక ఇచ్చింది. లెనోవో తప్పు ఒప్పుకుని, తీసేసే పరికరాన్ని విడుదల చేసింది. 2017 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తోనూ, 32 రాష్ట్రాలతోనూ రాజీ కుదుర్చుకుని, ఆ రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టింది. ఇకమీదట ఇలాంటి ప్రకటనల సాఫ్ట్‌వేర్ పెట్టాలంటే కొన్నవాళ్ల అనుమతి ముందుగా తీసుకోవాలని ఆ ఒప్పందంలో షరతు. ఒక్కసారి ఆలోచించండి. అనుమతి అడగాలి అన్న మామూలు మర్యాదని నేర్పడానికి అన్ని రాష్ట్రాలు కలిసి రావాల్సి వచ్చింది.

కోర్టుల మాట, సర్కారు మాట

ఈ తగాదా కొత్తదేం కాదు. విండోస్‌తో పాటు తన బ్రౌజర్‌నే అంటగడుతోందని మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వం 1998లోనే దావా వేసింది. యూరప్‌లో, ఏ బ్రౌజర్ కావాలో కొన్నవాళ్లనే అడుగుతామని ఒప్పుకుని మాట తప్పినందుకు 2013 మార్చిలో ఆ సంస్థకి 56.1 కోట్ల యూరోల జరిమానా పడింది.

2016లో యూరప్ అత్యున్నత న్యాయస్థానం ముందుకు ఇంకో కేసొచ్చింది. ఒక ఫ్రెంచి పౌరుడు తాను కొన్న సోనీ ల్యాప్‌టాప్‌లో ముందే ఎక్కించిన సాఫ్ట్‌వేర్ తనకి అక్కర్లేదు, దాని డబ్బు వెనక్కివ్వమన్నాడు. సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మడం దానంతటదే అన్యాయం కాదని కోర్టు చెప్పింది. కానీ ఆ తీర్పులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. కొనేముందు మనిషికి విషయం చెప్పారా లేదా అన్నదాన్ని కోర్టు ముఖ్యంగా తీసుకుంది. 2024 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన యూరప్ డిజిటల్ మార్కెట్స్ చట్టం ఇంకో అడుగు వేసింది. పెద్ద సంస్థలు ముందే పెట్టిన యాప్‌లను తేలిగ్గా తీసేసుకునే వీలుండాలంది.

మరి మన దేశంలో? 2022 అక్టోబర్ 20న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లన్నిటినీ మూటగట్టి ముందే పెట్టించడం, తీసేసే దారి లేకుండా చెయ్యడం అందులో ఒక ముఖ్యమైన ఆరోపణ. 2023 మార్చి 29న అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాని నిలబెట్టింది. అయితే ముందే ఎక్కించిన యాప్‌లను తీసేసుకోనివ్వాలన్న ఆదేశాన్ని మాత్రం పక్కన పెట్టింది. జరిమానా ఖజానాకి పోతుంది, యాప్ మన ఫోన్లోనే ఉంటుంది! తీర్పుల లోతుపాతులు లాయర్లకి తెలుస్తాయి. వంటింట్లోంచి చూసే నాకు కనిపించింది మాత్రం ఇదీ.

కంపెనీలే కాదు, సర్కారు కూడా ఈ దారి తొక్కబోయింది. 2025 నవంబర్ 28న టెలికాం శాఖ, కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్‌ని ముందే ఎక్కించాలని తయారీదారులకు ఆదేశమిచ్చింది. పోయిన ఫోన్లని పట్టుకోవడానికి, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవడానికి పనికొచ్చే యాప్ అది. మంచిదే. కానీ జనం అడిగిన ప్రశ్న వేరు. మంచిదయితే మేమే పెట్టుకుంటాం కదా, మా ఫోన్లో మీరెందుకు పెట్టాలి అని. దేశమంతా గగ్గోలు లేచింది. డిసెంబర్ 3న ఆ నిబంధనని వెనక్కి తీసుకున్నారు. మనం నోరు తెరిచి అడిగితే ఎంత తొందరగా జవాబొస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పిల్లల ట్యాబ్‌లు, కుప్పం ఫొటోలు

ముందే ఎక్కించిందల్లా చెడ్డదని నేననను. 2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ, పంతుళ్లకీ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. వాటిలో బైజూస్ పాఠాలు ముందే పెట్టి ఇచ్చారు. నెట్ లేని ఊళ్లోనూ తెరిచి చదువుకునే వీలున్న పాఠాలవి. కాదనలేం. కానీ 2024 జూలైలో ఆ బైజూస్ సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. బడిలో బల్లలు చేసిచ్చిన వడ్రంగి దుకాణం మూసేస్తే బల్లలకేం కాదు. సాఫ్ట్‌వేర్ అలా కాదు. దాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దే మనిషి ఉండాలి. ఒక్క సంస్థ సరుకునే నమ్ముకుని పిల్లల చేతికి మిషన్ ఇచ్చేటప్పుడు, రేపు ఆ సంస్థ ఉంటుందా అన్న ప్రశ్న ముందే వేసుకోవాలి.

ఇంకో పాత ముచ్చట గుర్తుకొస్తోంది. మనకి దగ్గర్లోనే, కుప్పంలో. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థా, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ కలిసి అక్కడ మూడేళ్ల పథకం ఒకటి నడిపాయి. పొదుపు సంఘాల్లోని ఆడవాళ్లకి డిజిటల్ కెమెరా, సూర్యరశ్మితో నడిచే చిన్న ప్రింటరు ఇచ్చి, ఊరూరా ఫొటోలు తీసి అచ్చువేసి సంపాదించుకోవడం నేర్పారు. ఆ సంస్థకి తన వ్యాపార లెక్కలు తనకి లేకపోలేదు. అయినా అక్కడ యంత్రంతో పాటు నేర్పే మనిషి కూడా వచ్చాడు. ఇప్పుడు మనకి యంత్రం వస్తోంది, దానితో పాటు పదిమంది అమ్మేవాళ్లొస్తున్నారు, చెప్పే మనిషి ఒక్కడూ రావడం లేదు. తేడా అదే.

చీపురు పట్టేముందు

సరే, ఇప్పుడు మన చేతిలో ఉన్న పని చూద్దాం. కొత్త ల్యాప్‌టాప్ తెచ్చిన రోజే, ఇంకా మన సామాను అందులో సర్దకముందే శుభ్రం చేసుకోవడం మేలు.

విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో యాప్స్ అని ఉంటుంది. అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిస్తే ఇంట్లో ఎవరెవరున్నారో పూర్తి జాబితా కనిపిస్తుంది. ముందు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఆటలు, అంగళ్లు, గడువు మీద వచ్చిన యాంటీవైరస్, మీరు కొనని ఆఫీసు ప్యాకేజీల నమూనాలు ఒక్కొక్కటిగా పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. తర్వాత మిషన్ ఆపి మళ్లీ వెయ్యండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి ఇంటి కాపలా పచ్చగుర్తుతో ఉందో లేదో చూసుకోండి. ఇది తప్పనిసరి.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేసుకోకండి. ఇంటెల్, ఏఎండీ, రియల్‌టెక్ వంటి పేర్లున్నవి, డ్రైవర్ అని రాసున్నవి ముట్టుకోవద్దు. శబ్దం, బొమ్మ, వైఫై వాటి మీదే నడుస్తాయి. తయారీ సంస్థ సొంత అప్‌డేట్ పరికరం కూడా ఒకటి ఉంటుంది. దాన్నుంచండి. పేరు తెలియనిదాన్ని తెలిసినవాళ్లని అడిగాకే తీయండి. తీయబుద్ధి కాకపోతే స్టార్టప్ జాబితాలో దాన్ని ఆపి ఉంచినా మిషన్ తొందరగా తెరుచుకుంటుంది. ఇంకో మాట. పూర్తిగా రీసెట్ చేస్తే అన్నీ పోతాయనుకోకండి. తయారీదారు పెట్టినవి ఒక్కోసారి మళ్లీ తిరిగొస్తాయి.

ఫొటోల విషయంలో మాత్రం తొందరపడొద్దు. ఒక ఆదివారం మా బంధువులొస్తే అందరం హార్స్లీ హిల్స్ ఎక్కాం. ఏనుగు మల్లమ్మ గుడి దగ్గరా, గాలిబండ మీదా పిల్లలు మూడొందల ఫొటోలు తీశారు. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించిన మర్నాడే స్థలం నిండిపోయింది, డబ్బు కట్టమని గొడవ. చూస్తే ల్యాప్‌టాప్‌లో ముప్పాతిక చోటు ఖాళీగానే ఉంది! నిండింది ఇంటర్నెట్‌లో మా పేరున తెరిచిపెట్టిన చిన్న అర. మేం అడక్కుండానే ఫొటోలన్నీ అందులోకి పంపుతోంది. కోపం మీద అక్కడివి చెరిపేస్తే ఇక్కడివీ పోయుండేవి. ముందు ఆ బ్యాకప్ ఆపాలి. ఫొటోలు మన మిషన్లో నిజంగా ఉన్నాయని చూసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు పెట్టుకోవాలి. ఆ తర్వాతే చెరిపే పని.

అడగనివి ఇన్ని ఉన్నాయా, కావలసింది మాత్రం మనమే వెతుక్కోవాలి. అదే మన తెలుగు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి భాషల్లో తెలుగు చేర్చుకుంటే కీబోర్డు వస్తుంది. పైసా ఖర్చులేదు. కథలు రాసుకునే నాకు ఇది తెలిసేసరికి ఆరు నెలలు పట్టింది. పేకాట మాత్రం మొదటి నిమిషంలోనే ఎదురొచ్చింది.

ఏం అడగాలి?

చట్టం బొత్తిగా మన పక్షాన లేదనుకోకండి. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మాయ పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలిచ్చింది. లేని తొందర పుట్టించడం, వద్దన్నా పదేపదే అడగడం, చందాలోంచి బయటపడనివ్వకపోవడం, వైరస్ ఉందని బూటకపు భయం పెట్టి డబ్బు గుంజడం, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఫిర్యాదుకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కార్డు నుంచి తనంతట తాను పోయే చందాల విషయంలో రిజర్వు బ్యాంకు పెట్టిన కట్టుబాటు 2021 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. డబ్బు పోవడానికి కనీసం 24 గంటల ముందు మనకి కబురు రావాలి, వద్దనుకుంటే ఆపుకునే దారి అందులోనే ఉండాలి. నేను చూసుకోని మెసేజీ అదే. మీరు చూసుకోండి.

అయితే పోయాక ఫిర్యాదు చెయ్యడం కన్నా రాకముందే ఆపడం నయం. అప్పడాల పొట్లం మీద కూడా లోపల ఏమేం కలిపారో రాస్తున్నారు. మన డ్వాక్రా మహిళలు అమ్మే పచ్చడి సీసాకీ ఆ నియమం తప్పదు. యాభై వేలు పోసి కొనే ల్యాప్‌టాప్ పెట్టె మీద, ఇందులో ఫలానా సాఫ్ట్‌వేర్లు ముందే పెట్టాం, ఫలానాది నెల తర్వాత డబ్బడుగుతుంది అని రాయడానికి అడ్డేమిటి? మొదటిసారి తెరిచినప్పుడే, వీటిలో మీకేవి కావాలి అని అడిగి, వద్దన్నవాటిని తుడిచేసే వీలు పెట్టడం వాళ్లకేమంత పెద్ద పని? ఈ రెండూ చట్టంగా రావాలి. వచ్చేదాకా షాపులో మనమే అడగాలి. లోపల ఏమేం ఉన్నాయి, దేనికి గడువుంది, తీసేసి ఇస్తారా అని. పదిమంది అడిగితే పదకొండో మనిషికి షాపువాడే చెబుతాడు.

పోయిన నెల మా పక్కింటి వదిన కొడుక్కి పుంగనూరులో ల్యాప్‌టాప్ కొని, మూత తియ్యకుండా నేరుగా మా ఇంటికి పట్టుకొచ్చింది. "నువ్వొకసారి చూడు వదినా, నాకు భయంగా ఉండాది" అంది. ఇద్దరం కాఫీ పెట్టుకుని కూర్చుని, జాబితా ఫొటో తీసి, ఒక్కొక్కటీ చదువుతూ పదకొండు తీసేశాం. ముప్పావుగంట పట్టింది. కొత్తింట్లో చేరేముందు కడిగి, ముగ్గేసి, ఆ తర్వాతే కదా పాలు పొంగిస్తాం. చివర్లో తెలుగు కీబోర్డు పెట్టి ఏదైనా రాయమన్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుకు పేరు రాసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.